జూనిపర్ బోన్సాయ్ హాల్లో పెరగదు: ఒక వాట్సాప్ మెసేజ్‌కి జవాబు

బోన్సాయ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసమంటూ ఒక మెసేజ్ మిద్దెతోట గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఏడాదంతా పచ్చగా ఉండే జూనిపర్ చాలా సులువైన మొక్కట, హాల్లో టీపాయ్ మీద పెట్టినా పెరుగుతుందట. సగం ఎర్రమట్టి, మిగతా సగం వర్మీకంపోస్టు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) కలిపి నింపాలట. నీళ్ళు నిలవకుండా అడుగున గులకరాళ్ళు పరవాలి, ఎండ తగలనివ్వకూడదు, రోజూ ఆకుల మీద స్ప్రే కొడితే సరిపోతుంది అని ముగుస్తుంది. దీన్ని నమ్మి కొన్నవాళ్ళు, మొక్క చచ్చిపోయాక "నా చెయ్యి మంచిది కాదు" అనుకుని బోన్సాయ్ జోలికే పోవడం లేదు. తప్పు వాళ్ళ చేతిలో లేదు, ఆ సలహాలో ఉంది.

ముందు ఆ హాలు సంగతి. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. ఎర్రటి ఎండలో అది దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. మామూలు గదిలో కొన్ని వందలు దాటదు. మన కంటికి వెలుగ్గానే కనిపించినా, జూనిపర్‌కి అది కటిక చీకటి లాంటిదే. జపాన్‌లో పేరుపడ్డ షింపాకు రకం జూనిపర్లు ఎన్నో అక్కడి ఇతోయిగావా ఊరి దగ్గర కొండచరియల రాతి పగుళ్ళలోంచి సేకరించినవి. ఎండకీ గాలికీ అలవాటుపడ్డ జాతిని ఫ్యాన్ కింద కూర్చోబెడితే బతకదు.

మరి "మా ఇంట్లో నెలన్నరగా పచ్చగానే ఉంది" అనేవాళ్ళ మాటేమిటి? జూనిపర్‌తో చిక్కే అది. వేళ్ళు చచ్చిపోయాక కూడా ఆకు వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. రంగు చూసి నమ్మకండి. ఒక రెమ్మను చేతివేళ్ళ మధ్య మెల్లగా నలిపి చూడండి. బతికున్నది మెత్తగా వంగుతుంది, పోయినది పెళుసుగా విరిగి రాలుతుంది. కొమ్మ మీద గోటితో కాస్త గీకితే లోపల పచ్చటి పొర కనిపించాలి. గోధుమరంగు తేలితే ఆ కొమ్మ పోయినట్టే.

ఇక మట్టి. అసలు నష్టమంతా ఇక్కడే. ఎర్రమట్టి నేలలో ఎంత మంచిదైనా, లోతులేని కుండీలో దాని సన్నటి రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తడిస్తే ముద్ద, ఎండితే ఇటుక. పూర్తిగా ఎండినప్పుడు అంచుల్లో బీట వస్తుంది, పోసిన నీళ్ళన్నీ ఆ బీటలోంచే జారిపోతాయి, మధ్యలో వేళ్ళకు చుక్క కూడా అందదు. దానికి కోకోపీట్, వర్మీకంపోస్టు తోడైతే ఉన్న కాసిని ఖాళీలూ పూడిపోతాయి. వేళ్ళకు నీళ్ళెంత అవసరమో గాలీ అంతే అవసరం.

అడుగున గులకరాళ్ళు వేస్తే ఈ ఇబ్బంది తీరదు, పెరుగుతుంది. గిన్నెలు తోమే స్పాంజిని బాగా తడిపి పడుకోబెట్టి పట్టుకోండి. కారడం ఆగాక నిలువుగా తిప్పండి, మళ్ళీ నీళ్ళు కారతాయి. ఎత్తు పెరిగితే నీళ్ళు దిగుతాయి, తగ్గితే నిలుస్తాయి. మట్టి కూడా అంతే. అడుగు భాగంలో కొంత మందాన ఎప్పుడూ చిత్తడిగా ఉంటుంది, కుండీ లోతుతో సంబంధం లేకుండా ఆ మందం ఒకేలా ఉంటుంది. గులకరాళ్ళు వేస్తే మట్టి ఎత్తు తగ్గి, ఆ చిత్తడి పొర వేళ్ళున్న చోటికే ఎక్కి కూర్చుంటుంది. కాబట్టి రాళ్ళు మానేసి, రంధ్రాల మీద జాలీ ముక్క పెట్టండి, చాలు.

మరి దేంతో నింపాలి? జపాన్ నుంచి వచ్చే అకడమా అనే గుళికల మట్టి కోసం వేల రూపాయలు తగలేయక్కర్లేదు. బాగా కాలిన ఇటుక ముక్కలు, ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), దొడ్డు ఇసుక మన దగ్గరే దొరుకుతాయి. రేణువులు 3 నుంచి 6 మిల్లీమీటర్లు ఉండేలా జల్లించి, దుమ్మంతా కడిగేయండి. ఈ దుమ్ము తీయడమే అసలు పని, చాలామంది వదిలేసేది కూడా ఇదే. మన ఎండలకు పదో వంతు జల్లించిన కంపోస్టు కలిపితే మంచిదే. నర్సరీ మొక్క బంకమట్టి ముద్దతో వస్తే, ఒకేసారి వేళ్ళన్నీ కడిగేయకండి. చలి తగ్గి కొత్త చిగురు రాకముందు సగం వైపు మట్టి తీసి, మిగతా సగాన్ని ఏడాది, రెండేళ్ళ తర్వాత తీయాలి. వేళ్ళు ముట్టుకున్న ఏడాది కొమ్మల జోలికి పోవద్దు.

ఎండ వద్దన్న మాటలో కొంత నిజం ఉంది, కానీ ఏప్రిల్, మే మధ్యాహ్నాలకే. హైదరాబాద్‌లో 40 డిగ్రీలు దాటినప్పుడు చిన్న కుండీలో వేళ్ళు ఉడికిపోతాయి. అప్పుడు షేడ్‌నెట్ కట్టి, కుండీని స్లాబ్ మీద కాకుండా స్టాండ్ మీద పెట్టండి. మిగతా కాలమంతా ఉదయం ఎండ పూర్తిగా తగలాలి.

స్ప్రే వల్ల ఆకుల మీది దుమ్ము పోతుంది, ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి కొంత తగ్గుతుంది. వేళ్ళ దాహం మాత్రం తీరదు. కాల్చేసిన అగరబత్తి పుల్లను మట్టిలో గుచ్చి పావుగంట ఉంచి తీయండి. చివర తడి ఆరిపోతుంటే, అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా నీళ్ళు పోయండి. ఇంకా తడిగా ఉంటే ఆ రోజుకి వదిలేయండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. అక్కడ షాపుల్లో అమ్మే చిన్న జూనిపర్లలో చాలావాటికి మట్టి పైన రాళ్ళు జిగురుతో అతికించి ఉంటాయి. ఇంటికి తేగానే వాటిని ఊడదీయండి, లేకపోతే నీళ్ళు లోపలికి సరిగా దిగవు. మంచు పడుతోందని హీటర్ ఉన్న గదిలోకి తేవద్దు. చలికాలపు నిద్ర ఆ మొక్కకు కావాలి. న్యూజెర్సీ లాంటి చోట్ల కుండీని గాలి తగలని మూల నేలలో పాతిపెట్టండి, లేదా హీటర్ లేని గరాజ్‌లో ఉంచండి. అక్కడ కూడా మట్టి పూర్తిగా ఎండిపోకుండా చూసుకోవాలి.