పోయిన ఫైళ్లూ, ఊరుకోని బామ్మర్దులూ

పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు పోయిన మరుక్షణం చేయాల్సిన పని ఒకటే. దాన్ని పీకి జేబులో వేసుకుని, ఏమీ చేయకుండా కూర్చోవడం. ఇంత సులువైన పని చేయగల మనిషి హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఒక్కడూ దొరకడని బాధ్యతతో మనవి చేస్తున్నాను.

డిలీట్ అంటే చెరిపేయడమని అమాయకులు అనుకుంటారు. తెలంగాణలో పుట్టి ఒక్కసారైనా తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కినవాడు ఆ మాట నమ్మడు. భూమి ఉన్నచోటే ఉంటుంది, పహాణీలో పేరు మాత్రం పోతుంది. ఇక్కడా అంతే. ఫైళ్లను సర్దిపెట్టే ఫ్యాట్32 అనే పద్ధతిలో ఉన్న డ్రైవ్‌లో ఫైలు డిలీట్ చేస్తే, ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే పట్టికలో దాని పేరు మొదటి అక్షరం చోట ఒక గుర్తు పడుతుంది, అదున్న జాగా ఖాళీ అని రాసుకుంటుంది. లోపలి సరుకు కదలదు. ఆ జాగాలో కొత్త ఫైలేదైనా వచ్చి కూర్చుంటే మాత్రం అది కబ్జా. కబ్జా అయ్యాక ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు, కోర్టుకు పోదామన్నా కేసు నిలవదు.

కాబట్టి దాని జోలికి పోకూడదు. కానీ సాయం చేసేవాళ్లు ఊరుకోరు కదా!

కాకతీయ యూనివర్సిటీ (కేయూ) క్రాస్ రోడ్స్ దగ్గర ప్రాజెక్టు రిపోర్టుల సీజన్‌లో జిరాక్స్ సెంటర్ కంప్యూటర్‌ను చూడండి. కులమతాలకు అతీతంగా అందరి పెన్‌డ్రైవ్‌లనూ ఆదరించి, అందరికీ సమానంగా వైరస్ పంచుతుంది. ఇంటికెళ్లి చూస్తే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లై ఉంటాయి. నిజానికి ఫైళ్లెక్కడికీ పోలేదు, వైరస్ వాటిని దాచిపెట్టిందంతే. యాంటీవైరస్‌తో దాన్ని తుడిచి, ఆట్రిబ్ అనే కమాండ్ ఒక్క లైను కొడితే మళ్లీ కనిపిస్తాయి. కానీ ఒక లైనుతో అయిపోయే పనికి మన దగ్గర విలువ లేదు. ‘తమ్మీ, ఫార్మాట్ కొట్టు, వైరస్ పోతది’ అంటాడు పక్క కుర్చీలోని పెద్దమనిషి. ఆయన మాట అక్షరాలా నిజమవుతుంది. వైరస్ పోతుంది. దానికి తోడుగా ఆరు నెలల ప్రాజెక్టు కూడా.

ఇక బామ్మర్ది. చదివింది సివిల్ ఇంజినీరింగే అయినా, బీటెక్ కాబట్టి ఇంట్లో కంప్యూటర్ శాఖ ఆయనదే. పెళ్లి ఫొటోలు పోయాయని తెలియగానే, ‘బావా, ఇటియ్యి, రెండు నిమిషాల పని’ అంటాడు. రికవరీ సాఫ్ట్‌వేర్ దించుతాడు. ఎక్కడికి? అదే పెన్‌డ్రైవ్‌లోకి. తాళి కట్టిన ఫొటో ఉన్న జాగాలో ఇన్‌స్టాలర్ కాపురం పెడుతుంది. దొరికిన నాలుగు ఫొటోలనూ మళ్లీ అందులోనే సేవ్ చేస్తాడు, దాంతో అప్పగింతలు కూడా పోతాయి. ఆఖరికి ఫార్మాట్ కొట్టేటప్పుడు ‘క్విక్’ అన్నచోట టిక్ తీసేస్తాడు, చేసే పని శుభ్రంగా చేయాలి కదా! క్విక్ ఫార్మాట్ పట్టికను మాత్రమే కొత్తగా రాస్తుంది. టిక్ తీస్తే విండోస్ విస్టా కాలం నుంచీ డ్రైవ్ మొత్తం సున్నాలు నింపుతుంది. ఇంత నిజాయితీగా పనిచేసే మనిషిని నేను ఏ శాఖలోనూ చూడలేదు.

పద్ధతిగా చేసే దారి లేకపోలేదు. ఫొటోరెక్ అని ఒక రికవరీ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ కూడా 2020లో విండోస్ ఫైల్ రికవరీ అని ఒకటి ఇచ్చింది, కాకపోతే అందులో మౌస్ పనిచేయదు, కమాండ్లు టైపు చేయాలి. సాఫ్ట్‌వేర్ ఒకచోట, దొరికినవి ఇంకోచోట, పెన్‌డ్రైవ్ జోలికి పోకుండా. అయితే ఫొటోరెక్‌కు మొహమాటం తెలియదు. పేర్లన్నీ పోగొట్టి, వరస నంబర్లు వేసి, మీరు కావాలని డిలీట్ చేసినవి కూడా పైకి తోడుతుంది. పెళ్లి ఫొటోల మధ్య అంతకుముందు చూసిన సంబంధాల బయోడేటాలు బయటపడి, సుబేదారిలో ఒక ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదని విన్నాను.

అందుకని ప్రభుత్వానికి నాదొక సూచన. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో పెన్‌డ్రైవ్‌లకు వేరే కౌంటర్ పెట్టాలి. డ్రైవ్ తీసుకుంటారు, దరఖాస్తుకు నంబరు వేస్తారు, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఇక దాన్ని ఎవరూ ముట్టరు. జిరాక్స్ పెద్దమనిషీ, బామ్మర్దీ ఆ గడప దాటి లోపలికి రాలేరు. ఫైలు మీద చేయి పడకుండా కాపాడటంలో ఇంత అనుభవమున్న వ్యవస్థ మనకు మరొకటి లేదు. ఒక్క చిక్కుంది. పెన్‌డ్రైవ్ లోపలి ఫ్లాష్ చిప్‌లో సమాచారం నిలిచేది విద్యుత్ చార్జి రూపంలో, ఏళ్ల తరబడి కరెంటు తగలకపోతే అది మెల్లగా కారిపోతుంది. కాబట్టి కనీసం దరఖాస్తుదారుడు రిటైర్ అయ్యేలోపు బీరువా తెరవాలని జీవోలో ఒక షరతు చేర్చాలి.