నాలుగు 'గీడ'లు, రెండు 'గాడ'లు వేస్తే వరంగల్ మాట అయిపోతుందా?

కోపం తెచ్చుకోకుండా చదవండి. ఈ మధ్య మన వైపు కొత్త రచయితల కథలు వరుసపెట్టి చదువుతున్నాను. వర్ణన దగ్గర ఎవరికీ వంక పెట్టలేం. భద్రకాళి చెరువు కట్ట, వేయిస్తంభాల గుడి దగ్గరి ట్రాఫిక్ అన్నీ కళ్ల ముందుంటాయి. పాత్రలు నోరు తెరిచాయో, కథ అక్కడే కూలబడుతుంది. పుస్తకాల తెలుగులో రాసుకున్న వాక్యానికి ముందొక 'గీడ', వెనకొక 'బాంచెన్' తగిలించి, ఇదే మా యాస అంటారు.

ఎనుమాముల మార్కెట్ హమాలీ, కాకతీయ యూనివర్సిటీ లెక్చరర్, కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగిన అమ్మాయి, ముగ్గురిదీ ఒకే గొంతు. మన ఇళ్లలో అట్లా ఉంటుందా? ముసలమ్మ 'అచ్చిండు' అంటుంది. టీచరు కోడలు బడిలో 'వచ్చాడు', ఇంట్లో 'వచ్చిండు'. మనవడేమో 'లైట్ తీస్కో నాయినమ్మా' అని ఫోన్‌లోంచి తల కూడా ఎత్తడు.

అంతెందుకు, ఒక్క మనిషే పూటలో ఎన్ని రకాలుగా మాట్లాడతాడో చూడండి. బ్యాంకు కౌంటర్ దగ్గర "సార్, డబ్బులు ఇంకా పడలేదు సార్" అని వంగి అడిగినవాడే, బయట మెట్ల మీద కూర్చున్న భార్యతో "పైసల్ వడలేదంట. రేపు రమ్మంటుండు" అంటాడు. లోపల రెండుసార్లు సార్, గడప దాటగానే 'అంటుండు'. అతని భయం, మంట రెండూ ఆ తేడాలోనే ఉన్నాయి. మన కథల్లో రైతు మాత్రం కలెక్టర్ ముందూ, కల్లు మండువాలోనూ ఒక్కతీరుగానే మాట్లాడతాడు.

నాకు అసలు తిక్క రేగేది ఇంకొక దగ్గర. "వెంకన్నా, మనకున్న మూడెకరాల్లో పత్తి వానకు దెబ్బతిన్నది, షావుకారు దగ్గర తెచ్చిన రెండు లక్షలు ఎట్లా కడదాం?" అని భార్య అడుగుతుంది. తనకున్నవి మూడెకరాలని వెంకన్నకు తెలియదా? అప్పు తెచ్చింది తనే కదా! పైగా పల్లెలో ఆ వయసు ఆడమనిషి మొగుణ్ని పేరు పెట్టి పిలుస్తుందా? ఆమె మాట్లాడుతున్నది మొగుడితో కాదు, మనతో. ఎకరాలూ అప్పులూ కావాలంటే కథకుడే ఒక లైన్‌లో చెప్పి పక్కకు తప్పుకోవచ్చు. దానికి ఆమె నోరే దొరికిందా?

పత్తి మాట వచ్చింది కాబట్టి చెప్తాను. పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ వాళ్ల దగ్గర తేమ 8 శాతంలోపు ఉంటేనే పూర్తి మద్దతు ధర. ఆ పైన 12 దాకా కోత. 12 దాటితే కొననే కొనరు. అందుకని మంచు పడే రోజుల్లో చాలామంది ప్రైవేటు ఖరీదుదారు ముందు నిలబడాల్సి వస్తుంది. అతను బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు పత్తి తీస్తాడు. ఇద్దరి మధ్య మాటలు ఇట్లా ఉంటాయి:

"నెమ్మున్నదే."

"నాలుగొద్దులు ఎండవోసిన సేటూ."

"ఎండ యాడిది?"

"మబ్బుల లేసి ఆటోల ఏసుకచ్చిన."

"అచ్చినవ్ గని, ఇంకెవలకన్న సూపెట్టినవా?"

"తూకం ఎప్పుడు వెడ్తరు?"

ధర అన్న మాటే రాలేదు, చూశారా? అయినా ధర దిగిపోయింది. రైతు ఇంకో దుకాణం తిరిగి వచ్చాడని ఖరీదుదారు పసిగట్టాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా తూకం అడిగాడంటే రైతు ఒప్పుకున్నట్టే. ఇదే చోట మన రచయిత "మీ వ్యాపారులు మా రక్తం తాగుతున్నారు" అని అరపేజీ ఉపన్యాసం ఇప్పిస్తాడు. ఆ ఉపన్యాసం రైతు ఇస్తాడు, ఎందుకివ్వడు! ఇంటికి పోయే ఆటోలో, పక్కనున్న వాడికి. సేటు ముందు ఇవ్వడు, వచ్చే ఏడు మళ్లీ అక్కడికే రావాలి.

కోపంగా అన్నాడు, ఆవేదనగా పలికింది, గర్జించాడు లాంటివాటి గురించి ఎక్కువ చెప్పను. మాటలో కోపం ఉంటే 'అన్నడు' చాలు. ఇక బస్టాండ్‌లో మాటలు ఫోన్‌లో రికార్డు చేసి మక్కీకి మక్కీ దించే బ్యాచ్ ఇంకొకటి. నిజంగా మనం మాట్లాడేదాంట్లో సగం చెత్తే. సగం తీసేయండి, ఇంకా ఉంటే ఇంకా తీసేయండి.

నేర్చుకోవాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. సంక్రాంతి జాతరకు ఐనవోలు పోయి ఒగ్గు కథ దగ్గర కూర్చోండి. ఒక్క కథకుడే రాజు, రాణి, గొల్లాయన అవుతాడు. వేషం మార్చుకునే తీరిక ఉండదు. జనగామ వైపు ఒగ్గు కథకుడు చుక్క సత్తయ్య ఆడపాత్ర పట్టుకుంటే, ఎవరు మాట్లాడుతున్నారని పక్కవాణ్ని అడగాల్సిన పని ఉండేది కాదు. గొంతు, మాట విరుపు, ఎదుటి మనిషిని పిలిచే వరస, వీటితోనే లాక్కొచ్చేవాడు.

'బయటివాళ్లకు అర్థం కాదు' అనే సాకు కూడా విన్నాను. ఒక పత్రికాయన నా కథలో 'సోపతి' పక్కన బ్రాకెట్లో స్నేహం అని పెట్టమన్నాడు. గోదావరి కథల్లో 'ఆయ్'కి మనమెప్పుడైనా బ్రాకెట్ అడిగామా? మనుషులు మాట్లాడే పలుకుబడే రాయాలని జీవితాంతం కొట్లాడిన కాళోజీ మన ఊళ్లోనే ఉండేవాడు. ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవమని జరుపుకుంటూ, 10 నుంచి మళ్లీ బ్రాకెట్లు పెట్టుకుంటున్నాం.

ఆ రోజుకు కథల పోటీలంటూ ఎవరో ఒకరు ప్రకటన వేస్తారు. పంపే ముందు 'అన్నడు', 'అన్నది' అన్నీ కొట్టేసి, పేర్ల మీద వేలు పెట్టి, ఉత్త మాటలు ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి. ఏది ఎవరి మాటో వాళ్లు పట్టుకోలేకపోతే, ఆ కథ ఇంకో నెల మీ దగ్గరే ఉండనివ్వండి.