కర్త, క్రియ, ట్యాంకరు

శనివారం మధ్యాహ్నం మా అపార్ట్‌మెంటు సెక్రటరీ లిఫ్టు పక్కన ఓ నోటీసు అంటించాడు. "టుమారో ట్యాంక్స్ ఈజ్ క్లీనింగ్. వాటర్ ఆర్ నాట్ కమింగ్. ఆల్ ఫ్లాట్స్ ఈజ్ రిక్వెస్టెడ్ టు స్టోర్."

రేపు నీళ్లు రావు, పట్టి పెట్టుకోండి అని చంటిపిల్లాడికైనా తెలిసిపోతుంది. కానీ దాన్ని అందరికంటే ముందు చూసింది కింది ఫ్లాటులోని రిటైర్డు ఇంగ్లీషు మాస్టారు. మూడు వాక్యాలు, మూడింట్లోనూ కర్తకూ క్రియకూ పొత్తు లేదు! ఆయన కూరల సంచీ గోడకానించి ఎర్రపెన్ను తీశారు. దిద్దడానికి జాగా చాల్లేదు. ఫెయిర్ కాపీ రాసి తెస్తానని కాగితాన్నే ఊడబెరికి ఇంట్లోకి పట్టుకుపోయారు.

నన్నడిగితే సెక్రటరీని తప్పుపట్టలేం. మనకు నీళ్లు వస్తాయి, పాలు విరుగుతాయి, బియ్యం నిండుకుంటాయి, అన్నీ బహువచనమే. తాతగారు ఒక్కరే దిగినా "వచ్చారు" అంటాం. ఇంగ్లీషులో రాజుగారికైనా, ఆయన గుర్రానికైనా అదే "ఈజ్". పైగా ఎస్ అక్షరం నామవాచకానికి తగిలితే బహువచనం, క్రియకు తగిలితే ఏకవచనం. బాయ్ రన్స్, బాయ్స్ రన్. ఉన్న ఒక్క పట్టుచీరనూ తోడికోడళ్లు వంతులేసుకుని కట్టుకున్నట్టు!

రాత్రి మాస్టారు వాట్సాప్ గ్రూపులో ఓ సందేహం పడేశారు. "కమిటీ" పక్కన హ్యాజా, హ్యావా? డాలస్‌లో ఉన్న రెండో అంతస్తువారి అబ్బాయి హ్యాజ్ అన్నాడు. లండన్‌లో ఉన్న నాలుగో అంతస్తువారి అమ్మాయి, ఇక్కడ హ్యావ్ కూడా చెల్లుతుందంది. తల్లిదండ్రులు ఎవరి పిల్లల వైపు వాళ్లు నిలబడ్డారు. మధ్యలో మాస్టారు ఇంకో సూత్రం పాఠం చెప్పారు: "ఎలాంగ్ విత్ వెనకాల ఎంతమంది వచ్చినా లెక్కలోకి రారు. ముందున్నవాడొక్కడే కర్త." అందరూ దండాల బొమ్మలు పెట్టారు. ఇంతకీ ఆ కమిటీ ఏం చెప్పబోతోందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆదివారం పొద్దున్నే కొళాయిలు గుర్రుమని ఊరుకున్నాయి. మూడో అంతస్తాయన తలనిండా కుంకుడు నురగతో, ఒక కన్ను మూసుకుని బాల్కనీలోంచి సెక్రటరీని పేరుపెట్టి పిలిచాడు. వాచ్‌మన్ ఇంట్లో మాత్రం డ్రమ్ములు నిండుగా ఉన్నాయి. అతనికి సెక్రటరీ తెలుగులో చెప్పాడట.

హడావుడిగా ట్యాంకరు తెప్పించారు. లుంగీలూ నైటీలూ బిందెలతో గేటు దాకా బారులు తీరాయి. మాస్టారు కూడా బకెట్టుతో వచ్చి, ఇంకా పూర్తికాని ఫెయిర్ కాపీ గురించి ఎవరూ అడక్కుండానే సంజాయిషీ ఇచ్చుకున్నారు.

సాయంత్రం మీటింగు. మినిట్స్ పుస్తకంలో సెక్రటరీ శ్రద్ధగా ఒకే వాక్యం రాసి మాస్టారి ముందుకు తోశాడు. "ది మాస్టర్, ఎలాంగ్ విత్ ది సెక్రటరీ, ఈజ్ రెస్పాన్సిబుల్."

మాస్టారు రెండుసార్లు చదివారు. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశారు. "వ్యాకరణం శుద్ధంగా ఉందయ్యా!" అన్నారు, శిష్యుడు దొరికిన సంబరంతో.

"అయితే కర్త తమరొక్కరే కదండీ," అంటూ సెక్రటరీ ట్యాంకరు బిల్లు ఆయన చేతిలో పెట్టాడు.