పెండ్లి ముందర డబ్బా కార్డు, అయినంక ఒక్క ముక్క లేదు

పెండ్లి కార్డు మీద పెట్టే ఖర్చు గురించి నాకు కోపం లేదు. ఎవరి పైసలు వాళ్లిష్టం. మూత తీస్తే వినాయకుడు, అడుగున కాజు బాదం ఉన్న డబ్బా కార్డు కోసం హైదరాబాద్ చత్తాబజార్ల దుకాణం దుకాణం తిరుగుతరు, తిరగనీ. నా పంచాయితీ వేరే. అంత కార్డుల రాయాల్సింది సక్కగ రాస్తలేరు, పెండ్లయినంక వచ్చినోళ్లకు పంపాల్సిన థ్యాంక్స్ కార్డు అసలే పంపుతలేరు.

ముందుగాల రాత సంగతి. మన దగ్గర అర్ధరాత్రి దాటినంక ముహూర్తాలు మస్తుంటయి. పాత పత్రికల్ల ‘బుధవారం రాత్రి 2-15 ని.లకు, తెల్లవారితే గురువారం’ అని రాసేటోళ్లు. పంచాంగంల వారం సూర్యోదయంతోని మారుతది, క్యాలెండర్ల తారీఖు అర్ధరాత్రికే మారుతది. ‘తెల్లవారితే’ అని ఒక్కటి పెడితే ఏ ముసలాయనకూ అనుమానం రాకపోయేది. ఇప్పుడు ఫోన్ల వచ్చే వీడియో పత్రికల పాట ఉంటది, పూల వాన ఉంటది, వారం ఉండదు. ఉత్త తారీఖు, పక్కన ఏ.ఎం. ఆ తారీఖు చూసుకొని గురువారం రాత్రి బయల్దేరిన చుట్టం వచ్చేసరికి టెంటు విప్పుతుంటరు.

అట్లని ఫోన్ పత్రికను తిడ్తలేను. భీవండి మగ్గాల కాడికి పోయిన నల్గొండోళ్లు, బొంబాయి, పూనా కూలికి పోయిన పాలమూరోళ్లు సెలవు అడగాలె, రైలు టికెట్లు చేసుకోవాలె. లగ్గం ఖాయం కాంగనే వాళ్లకు తారీఖు పంపుడు మంచి పని. ఊర్ల ఉన్నోళ్లకు మాత్రం గడప తొక్కి, బొట్టు పెట్టి చెప్పాల్సిందే. ‘వాట్సాప్ల పెట్టినం గదా పెద్దమ్మా’ అంటే రాదు, రాకపోతే తప్పు ఆమెది కాదు. పిలుపు మనం ఇంటికి పోవుడుల ఉన్నది. కాయితం టైము చూసుకునేటందుకు వాళ్లింట్ల పెట్టి వస్తం, అంతే. దానికి పది రూపాయల కార్డు చాలు.

‘బంధుమిత్రుల అభినందనలతో’ కింద ఎవరి పేరు పడ్డది, ఎవరిది పడలేదు అనే కొట్లాట గురించి రాస్తే ఈ పోస్టు ఒడవదు, ఇడిసిపెడ్తున్న.

ఒక్కటి మాత్రం యాదిపెట్టుకోండి. మన దగ్గర పెండ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 2002లనే చట్టం వచ్చింది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోతే ఫోటోలతోటి పెండ్లి కార్డు గూడ అడుగుతరు. ముద్దుపేరు కొట్టించిన కార్డు అక్కడ తిప్పలు పెడ్తది. ఆధార్ల ఉన్న పేరే వేయించి, రెండు మూడు కార్డులు దాచుకోండి.

ఇగ అసలు కోపం. మొదటి కార్డు దేవునికి పెడతం. ఒకరు యాదగిరిగుట్టకు పోతరు, ఒకరు చెర్వుగట్టుకు, పాలమూరు దిక్కు మన్యంకొండకో కురుమూర్తికో. పెండ్లయినంక కొత్త జంటను తోల్కపోయి మళ్ల మొక్కిపిస్తం. దేవునికి పిలుపూ అందింది, మొక్కూ అందింది. మరి పనులు బంద్ పెట్టుకొని వచ్చిన మనుషులకు? ఫోటోలు ఫేస్‌బుక్ల పెట్టి చేతులు దులుపుకుంటం.

‘మనోళ్లకు మనం థ్యాంక్స్ చెప్పుడేంది, మనమేమన్న బయటోళ్లమా’ అంటరు పెద్దలు. మేనమామకు చెప్పొద్దు, ఒప్పుకుంట. వాళ్లింట్ల పెండ్లయితే మనం పోతం, లెక్క సరిపోతది. కానీ చుట్టాలు పండుకునేటందుకు తమ ఇంట్ల రెండు అర్రలు ఖాళీ చేసి ఇచ్చిన పక్కింటోళ్లకు ఏ లెక్కల తీరుస్తం? పిల్లకు ఐదో తరగతి చెప్పిన సారు ముసలితనంల బస్సెక్కి వచ్చిండు, ఆయనింట్ల ఇగ పెండ్లిళ్లే లేవు. తెల్లారగట్ల లేచి బగార పొయ్యిల కాడ నిలబడ్డ దోస్తుల పేర్లయితే వచ్చినోళ్లు చదివిచ్చే కట్నాలు రాసుకునే బుక్కుల గూడ ఉండవు.

డబ్బా కార్డుల పైసల్ల పదో వంతు పక్కకు తీసినా చాలు. జంట ఫోటో ఒకటి, వెనుక ఖాళీ జాగ ఉన్న చిన్న కార్డు కొట్టించుకోవచ్చు. ‘విచ్చేసినందుకు కృతజ్ఞతలు’ అని బంగారు అక్షరాలతోని అచ్చేసి అందరికీ ఒక్కటే పంపుడు మాత్రం వద్దు. కలం పట్టాలె. ‘అన్నా, బరాత్ల జనరేటర్ బందైతే నువ్వే ఉరికినవ్’ అని రాస్తే ఆయన ఆ కార్డు ఎవరికీ ఇయ్యడు.

పెండ్లిపిల్ల, పెండ్లిపిలగాడు ఇద్దరూ కూసోని రాయాలె, తమ్మునికి చెప్పి తప్పించుకునుడు కాదు. నెల ఆలస్యమైనా ఏం గాదు. బుక్కుల లేని దోస్తులను యాది చేసుకొని రాయాలె. మిగిలినోళ్ల పేరు, ఊరు, ఎంత చదివిచ్చిండ్రో అన్నీ కట్నాల బుక్కుల ఉండనే ఉన్నయి, అది బీరువాల నుంచి ఎటూ పోదు.