ఈశాన్యంలో బీరువా

మా అత్తయ్యగారు ఊరి నుంచి దిగి, కాఫీ అయినా తాగకముందే బెడ్‌రూమ్‌లోకి తొంగిచూసి, "ఈశాన్యంలో బరువా? అందుకే డబ్బు నిలవడం లేదు నాయనా" అన్నారు. నిలవకపోవడానికి కారణం ఇంటి లోను. కానీ అత్తగారికి ఈఎంఐల లెక్క చూపించడం అల్లుడికి మర్యాద కాదు. బీరువాను నైరుతికి జరపాలని తేలిపోయింది.

పెళ్లికి వాళ్లు పెట్టిన ఇనుప బీరువాయే అది. నిండా పట్టుచీరలు. మొత్తం నూరు కిలోలకు తగ్గదు. చీరలు తీసేద్దామంటే, "మడతలు పోతాయి" అంది మా ఆవిడ.

ఊపిరి బిగించి తోశాను. ఊహూ.

తొమ్మిదో తరగతి చదువుతున్న మావాడు మంచం మీద నుంచే, "స్థైతిక ఘర్షణ నాన్నా. ఒక హద్దు వరకు నువ్వెంత తోస్తే అదీ అంతే ఎదురు తోస్తుంది. ఆ హద్దు ఒక్కసారి దాటించావంటే తర్వాత సులువు. జారుడు ఘర్షణ తక్కువగా ఉంటుంది" అన్నాడు. లెక్క కూడా కట్టాడు. బరువు 980 న్యూటన్లు, ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే 392 న్యూటన్ల బలం కావాలట. అంటే నలభై కిలోల బస్తా ఎత్తినంత. నేను ఈమధ్య ఎత్తిన వాటిలో పెద్దది పాలప్యాకెట్ల సంచి.

న్యూటన్ గమన నియమాలను 1687లో అచ్చువేయించాడు. ఆయన పెళ్లి చేసుకోలేదు. బీరువా లేదు, అత్తగారూ లేరు. నియమాలు రాసుకోవడానికి తీరిక ఎందుకుండదు?

"ఘర్షణే కదా, తగ్గిద్దాం" అంటూ మా ఆవిడ బీరువా కాళ్ల దగ్గర సబ్బునీళ్లు పోసింది. నేను సాక్సులు కూడా విప్పకుండా, రెండు చేతులూ ఆనించి, దేవుణ్ణి తలుచుకుని తోశాను. కదలిక వచ్చింది. అయితే అది బీరువాలో కాదు, నాలో. కాళ్లు వెనక్కి పరుగెత్తాయి, గడ్డం బీరువా అద్దం మీదుగా కిందికి జారింది. టైల్స్ మీద బోర్లా పడ్డాను.

"మూడో నియమం నాన్నా! నువ్వు కాళ్లతో నేలను వెనక్కి నెడితేనే నేల నిన్ను ముందుకు నెడుతుంది. దానికీ ఘర్షణ కావాలి. సబ్బునీళ్లు నీ కాళ్ల కిందికీ వచ్చాయి."

"ముందే ఏడవొచ్చుగా?"

"అది తర్వాతి పేజీలో ఉంది."

ఇంతలో పనిమనిషి వచ్చింది. నా వైపు ఒక్క చూపు చూసి, నేల తుడిచేసి, బీరువాను కొంచెం వంచమని కాళ్ల కింద గోనెపట్టా దూర్చింది. వీపు బీరువాకు ఆనించి, ఎదురుగా ఉన్న గోడకు పాదం తన్నిపెట్టి ఒక్క తోపు తోసింది. మొదటి జానెడే కష్టం. ఆపైన పెళ్లికూతురిలా నడిచి వెళ్లింది బీరువా.

అత్తయ్యగారు వచ్చి చూశారు. "నైరుతిలో పెట్టారు, బాగుంది. కానీ తలుపులు ఉత్తరానికి కదా తెరుచుకోవాలి?"

నేను మావాడి వైపు చూశాను.

"తిప్పడం ఇంటర్‌లో వస్తుంది నాన్నా."