జీతంలో కోత నుంచి జాతీయ వైద్యం దాకా: బొగ్గు గని కార్మికుడు అన్యూరిన్ బెవన్

గనిలో పనిచేసిన మనిషి సంఘ నాయకుడై, ఆ తర్వాత చట్టసభకు వెళితే ఆ జీవితాన్ని మనం ఎక్కువగా కష్టాల కథగానే చెప్పుకుంటాం. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవను నెలకొల్పిన అన్యూరిన్ బెవన్ గురించి కూడా అలాగే చెప్పవచ్చు, ఎందుకంటే ఆయన జీవితంలో కష్టాలకు కొదవ లేదు. అయితే దక్షిణ వేల్స్ బొగ్గు లోయల్లో అంతకు మించి కష్టపడ్డవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లలో ఒకరు దేశం మొత్తానికీ ఆసుపత్రి తలుపులు తెరిపించే స్థాయికి ఎదగడానికి మూలం ఎక్కడుందో వెతికితే, గని కార్మికులు తమ జీతాల్లోంచి పెన్నీ పెన్నీ కూడబెట్టి నడుపుకున్న కొన్ని సంస్థలు కనిపిస్తాయి. బెవన్ రాజకీయ జీవితానికి అసలైన పునాది అవేనని నా అభిప్రాయం.

బెవన్ 1897 నవంబర్ 15న ట్రెడిగర్ పట్టణంలో ఒక గని కార్మికుడి ఇంట పుట్టారు. ఆ దంపతులకు కలిగిన పది మంది పిల్లల్లో ఆయన ఆరోవారు. బడి మానేసి 14 ఏళ్లు నిండే నాటికే టీ-ట్రిస్ట్ గనిలోకి దిగారు. చిన్నప్పటి నుంచి ఆయనకు నత్తి ఉండేది. ట్రెడిగర్ కార్మికుల గ్రంథాలయం ఆయనకు రెండో బడి అయింది. అది కూడా కార్మికుల చందాలతో నడిచినదే. నోట పలకని మాట ఎదురైనప్పుడు దాని బదులు అదే అర్థమిచ్చే ఇంకో మాటను అప్పటికప్పుడు వెతికి పట్టుకోవడం ఆయన అక్కడ సాధన చేశారు. పార్లమెంటులో చర్చిల్‌ను సైతం నిలదీసిన వక్తృత్వం వెనుక ఈ సాధన ఉంది.

పంతొమ్మిదేళ్లకే ఆయన తన గని కార్మిక శాఖకు అధ్యక్షుడయ్యారు. 1919లో దక్షిణ వేల్స్ గని కార్మికుల సమాఖ్య ఇచ్చిన ఉపకార వేతనంతో లండన్‌లోని సెంట్రల్ లేబర్ కాలేజీకి వెళ్లి రెండేళ్లు చదువుకున్నారు. తిరిగి వచ్చాక మాత్రం ఆయనకు పని ఇచ్చేవారే లేకపోయారు. 1925లో తండ్రి డేవిడ్ ఊపిరితిత్తుల్లో పేరుకున్న బొగ్గు దుమ్ముతో ఊపిరాడక కొడుకు చేతుల్లోనే కన్నుమూశారు. ఆ జబ్బును అప్పటికి వృత్తి వ్యాధిగా గుర్తించలేదు కాబట్టి పరిహారమూ రాలేదు. మరుసటి ఏడాది 1926లో సార్వత్రిక సమ్మె తొమ్మిది రోజులకే ముగిసినా, యజమానులు విధించిన లాకౌట్‌ను ఎదుర్కొంటూ గని కార్మికులు నెలల తరబడి ఒంటరిగా నిలబడ్డారు. ట్రెడిగర్‌లో ఆ కుటుంబాలకు తిండి గింజలు అందేలా చూసినవారిలో బెవన్ ముఖ్యులు. 1929లో ఎబూ వేల్ నియోజకవర్గం ఆయనను పార్లమెంటుకు పంపింది. 1960లో చనిపోయేవరకు ఆ స్థానం ఆయనదే.

ఇక్కడ ట్రెడిగర్ వైద్య సహాయ సంఘం గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దాని నుంచే వచ్చింది. పౌను (అప్పట్లో 240 పెన్నీలు) జీతానికి మూడు పెన్నీల చొప్పున, అంటే మన లెక్కలో వందకు రూపాయి పావలా, కార్మికుడి కూలిలోంచి కోత పడేది. దానికి బదులుగా కార్మికుడికే కాక ఇంటిల్లిపాదికీ డాక్టరు, మందులు, పళ్ల చికిత్స, ఆసుపత్రి అందేవి. గనితో సంబంధం లేని పట్టణవాసులు కూడా చందా కట్టి చేరేవారు. చివరికి ఊళ్లో ఇంచుమించు అందరూ దాని నీడలోకి వచ్చారు. డాక్టర్లను నియమించేదీ, జీతం నిర్ణయించేదీ కార్మికులు ఎన్నుకున్న కమిటీయే. అదే కాలంలో 1911 నాటి జాతీయ బీమా చట్టం కార్మికుడి ఒక్కడి వైద్యానికే పూచీ పడేది. అతని భార్యకు జబ్బు చేస్తే డాక్టరు ఫీజు చేతి నుంచి పెట్టుకోవాల్సిందే. బెవన్ 1920లలో పట్టణ కౌన్సిల్ సభ్యుడిగా ఉంటూ స్థానిక ఆసుపత్రి కమిటీలోనూ పనిచేశారు. మంచాలు ఎన్ని, మందుల ఖర్చెంత, చందా ఎగ్గొట్టినవాడి పిల్లకు జ్వరమొస్తే ఏం చేయాలి అన్నవి అలాంటి కమిటీల ముందుకు నిత్యం వచ్చే ప్రశ్నలు. మంత్రి కావడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే ఆయన ఆ పాలన నేర్చుకున్నారు.

1945లో అట్లీ ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి అయ్యేనాటికి ఆయన వయసు 47. ఆయన ముందు రెండు దారులున్నాయి. మున్సిపాలిటీల చేతిలో, ధర్మ సంస్థల చేతిలో ఉన్న ఆసుపత్రులను ఎక్కడివక్కడ వదిలేసి నిధులు ఇవ్వడం ఒకటి. మొత్తంగా జాతీయం చేయడం రెండోది. మంత్రివర్గంలో హెర్బర్ట్ మోరిసన్ స్థానిక సంస్థల పక్షాన గట్టిగా వాదించినా, బెవన్ రెండో దారినే పట్టారు. ధనిక ప్రాంతంలో మంచి ఆసుపత్రి, బొగ్గు లోయలో నాసిరకం ఆసుపత్రి ఉండే పరిస్థితి పోవాలంటే అదొక్కటే మార్గమని ఆయన వాదన. 1948 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఓటింగ్ పెడితే 40 వేలమందికి పైగా డాక్టర్లు వ్యతిరేకించారు, 5 వేలమంది కూడా సమర్థించలేదు. సంఘ నాయకుడిగా బేరం ఎలా ఆడాలో తెలిసిన బెవన్, పెద్ద డాక్టర్లకు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ప్రైవేటు రోగులను చూసుకునే వీలు కల్పించి ఆ ఐక్యతను చీల్చారు. ఆ రాజీ ఈనాటికీ విమర్శలకు గురవుతూనే ఉంది. అది లేకుంటే 1948 జూలై 5న ఆ సేవ మొదలయ్యేది కాదని నేననుకుంటాను. ఆరోజు నుంచి ఎవరు ఆ సేవలోని డాక్టరు దగ్గరికి వెళ్లినా ఫీజు లేదు.

అయితే నష్టమూ జరిగింది. ట్రెడిగర్ పద్ధతిలో ఖర్చు అందరూ పంచుకునే సూత్రం జాతీయ స్థాయికి ఎదిగింది కానీ, కార్మికులు ఎన్నుకున్న కమిటీ డాక్టరును జవాబు అడిగే పద్ధతి అక్కడే ఆగిపోయింది. కొత్త ఆసుపత్రి బోర్డుల సభ్యులను ఎన్నుకోలేదు, పైనుంచి నియమించారు. కార్మికుల కమిటీ విలువ అనుభవంతో తెలిసిన మనిషే దాన్ని వదులుకోవడం బెవన్ చేసిన పెద్ద పొరపాటని నేను భావిస్తాను.

ఈ సంగతి తెలుగు పాఠకులకు దూరమైనది కాదు. ఆ లోయల్లో స్థానిక డాక్టర్లు పనిచేయడానికి ముందుకు రాని ఊళ్లలో దశాబ్దాలపాటు రోగులను చూసినవారు దక్షిణాసియా డాక్టర్లు. మన మెడికల్ కాలేజీల్లో చదివి వెళ్లినవారు కూడా ఆ ఆరోగ్య సేవలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇక ఇక్కడ, సింగరేణికి కొత్తగూడెం, గోదావరిఖని, రామకృష్ణాపూర్, బెల్లంపల్లి వంటి చోట్ల సొంత ఆసుపత్రులున్నాయి. యాజమాన్యంతో కార్మికుల తరఫున చర్చలు జరిపే గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్‌తో ఎన్నుకునే పద్ధతి 1998 నుంచి ఉంది. కార్మికుడి ఆరోగ్యాన్ని తేల్చే మెడికల్ బోర్డు, పనికి తగడని అది ఇచ్చే అన్‌ఫిట్ తీర్పు, ఆపై వారసుడికి ఉద్యోగం అన్నవి ఆ ఎన్నికల్లో ప్రధానాంశాలు. ఇవన్నీ పోరాడి సాధించుకున్న హక్కులే, వాటిని తక్కువ చేయడానికి లేదు. కానీ ఓపెన్‌కాస్ట్‌లో ప్రైవేటు కంపెనీల తరఫున బొగ్గు పైనున్న మట్టి తవ్వే ఓబీ (ఓవర్‌బర్డెన్) కార్మికుడు పర్మినెంట్ కార్మికుడి పక్కనే అదే దుమ్ము పీలుస్తాడు. అతని కుటుంబానికి అదే వైద్యం కావాలన్న కోరిక మాత్రం ఏళ్లుగా సంఘాల డిమాండ్ల పత్రంలోనే ఉంది. ట్రెడిగర్ సంఘం చందాదారుల పరిధిని గని గేటు దాటించి ఊరికి విస్తరించింది, బెవన్ దాన్ని దేశానికి విస్తరించారు. మన బొగ్గు బెల్టు నుంచి అసెంబ్లీకి వెళ్లాలనుకునే నాయకులను ఓటర్లు అడగవలసింది ఈ విస్తరణ గురించే.

బెవన్ పదవి వదులుకున్న తీరు కూడా ఆ వైద్య సంఘం నేర్పిన లెక్కకు కట్టుబడినదే. 1951లో కొరియా యుద్ధం కారణంగా ఆయుధ వ్యయం పెరిగింది. ఆర్థిక మంత్రి గైట్‌స్కెల్ కట్టుడు పళ్లకు, కళ్లద్దాలకు రోగుల నుంచి సగం ఖరీదు వసూలు చేయాలని ప్రతిపాదించారు. మొత్తం బడ్జెట్‌లో అది చాలా చిన్న మొత్తం. అయినా ఏప్రిల్‌లో బెవన్ రాజీనామా చేశారు. మందుల చీటీకి రుసుము విధించే అధికారాన్ని 1949లో ప్రభుత్వం తీసుకున్నప్పుడు ఆయన మంత్రివర్గంలోనే ఉన్నారని ప్రత్యర్థులు ఎత్తిచూపారు, ఆ మాట నిజమే. కానీ అప్పట్లో ఆ అధికారం కాగితం మీదే ఉండిపోయింది; 1951లో రోగి జేబులోంచి నిజంగా డబ్బు తీసుకోబోయారు. ఒకసారి వసూలు మొదలైతే ఆగదని ఆయన భయపడ్డారు. 1952లో కన్జర్వేటివ్ ప్రభుత్వం మందుల చీటీకి ఒక షిల్లింగు రుసుము పెట్టింది. వేల్స్ 2007లో ఆ రుసుమును పూర్తిగా రద్దు చేసింది, ఇంగ్లండ్‌లో మాత్రం అది కొనసాగుతోంది. పళ్ల చికిత్సకైతే వేల్స్‌లో కూడా చాలామంది పెద్దవాళ్లు ఇప్పటికీ డబ్బు కడుతూనే ఉన్నారు.