బిగించి అల్లితే పెరిగేది నుదురే

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ ఏటా జూన్‌లో, బడులు తెరిచే వేళకు తప్పకుండా వస్తుంది. పేరు "అమ్మమ్మల జడ రహస్యం". అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: జడ ఎంత బిగించి అల్లితే కుదుళ్లకు అంత రక్తం పారి జుట్టు అంత పొడవు పెరుగుతుంది. తల నొప్పి పుడితే కుదుళ్లు గట్టిపడుతున్నాయని సంతోషించాలి. నుదుటి దగ్గర పలచబడితే అది పేనుకొరుకుడు, ఉల్లిరసం రుద్దాలి. దానికీ లొంగకపోతే గుండు చేయించాలి, రెట్టింపు ఒత్తుగా వస్తుంది. డాక్టరు దగ్గరికి మాత్రం పోవద్దు, మందు మొదలుపెడితే జీవితాంతం వాడాలి. కింద వరసగా దండాలు, పూలు.

ఈసారి దాన్ని మా వదినే పంపింది. వాళ్ల పాప ఐదో తరగతి. "చెంపల దగ్గర జుట్టు వెనక్కి పోతోంది, ఇందులో చెప్పినట్టు ఇంకాస్త బిగించి వేస్తున్నా" అని కింద రాసింది. అది చదివాక ఊరుకోబుద్ధి కాలేదు. ఈ విషయం నాకు కొంత చదివి తెలుసు, కొంత నా నుదుటి మీద చూసి తెలుసు.

మొదట రక్తం సంగతి. వెంట్రుకలో మన చేతికి తగిలే భాగమంతా ప్రాణం లేని పదార్థం, కెరటిన్ అనే మాంసకృత్తు. ప్రాణం ఉన్నది చర్మం లోపల, కుదురులో. అక్కడ పుట్టే కొత్త కణాలు కిందినుంచి నెడుతుంటే వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు బయటికి వస్తుంది. జడ నడుము దాకా వస్తుందా, భుజం దగ్గరే ఆగుతుందా అన్నది ఆ కుదురు ఎన్నేళ్లు పెరిగే దశలో ఉంటుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలుగా 2 నుంచి 6 ఏళ్లు. తర్వాత రెండు మూడు నెలలు విశ్రాంతి, పాతది రాలడం, కొత్తది మొలవడం. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలితే కంగారుపడక్కర్లేదనేది అందుకే. పైనుంచి లాగడం వల్ల ఇందులో ఏదీ వేగం పుంజుకోదు. లాగుతూ ఉంటే కుదురు చుట్టూ వాపు వస్తుంది, పెరగాల్సిన వెంట్రుక ముందే ఊడుతుంది, మళ్లీ వచ్చేది సన్నబడుతుంది. ఏళ్ల తరబడి సాగితే కుదురు పోయి, ఆ చోట గాయం మానినట్టు మచ్చ కట్టుకుంటుంది. డాక్టర్లు దీన్ని ట్రాక్షన్ అలోపేషియా అంటారు.

మరి జడ వేసుకునేవాళ్లకు జుట్టు పొడుగ్గా ఎందుకుంటుంది? అల్లిన జుట్టు చిక్కుపడదు, కొసలు తక్కువగా విరుగుతాయి, పెరిగింది పెరిగినట్టు నిలుస్తుంది. మెసేజ్ మొత్తంలో ఉన్న నిజం ఈ ఒక్కటే. దానికి అల్లిక చాలు, బిగింపుతో పనిలేదు.

అమ్మమ్మల పేరెత్తారు కాబట్టి మా అమ్మమ్మ జడ ఎలా వేసేదో చెప్పాలి. సాయంత్రం అరుగు మీద కూర్చోబెట్టి, కొసల నుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీసేది. ఒక్క వెంట్రుక పుటుక్కుమన్నా నాకంటే ముందు తనే "అబ్బా" అనేది. పాయలు వదులుగా అల్లేది, పడుకునే వేళకు జడ సగం జారిపోయేది. బిగించింది అమ్మ. అమ్మకు బడి భయం. రెండు జడలు వేసి, మడిచి, ఎర్ర రిబ్బనుతో చెవుల మీదికి కట్టాలి, ఒక్క వెంట్రుక బయటికి కనపడకూడదు. పొద్దున్నే నన్ను మోకాళ్ల మధ్య ఇరికించుకుని, దువ్వెన మొనతో పాపిడి తీసి లాగేది. తలంటు రోజున తడి ఆరకుండానే. తడిసిన వెంట్రుక ఎక్కువ సాగుతుందని, తేలిగ్గా తెగుతుందని మా ఇద్దరికీ తెలియదు. కనుబొమలు పైకి లేచి, అద్దంలో నేను ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు కనిపించేదాన్ని. మధ్యాహ్నానికి చెవుల పైన సూదులు గుచ్చినట్టు ఉండేది. పదో తరగతి గ్రూపు ఫొటోలో నా చెంపల మీద బొటనవేలు పట్టేంత ఖాళీ కనిపిస్తుంది. అప్పుడు అందరూ "విశాలమైన నుదురు, అదృష్టవంతురాలు" అన్నారు.

నొప్పి మంచిదన్న మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు గానీ, నాది ఒక్కదాని కథే అనుకోవద్దు. జుట్టును బిగించి నడినెత్తిన ముడి వేసుకునే గ్రీన్‌లాండ్ స్త్రీలకు ఇలా ఊడుతోందని 1907లోనే రాశారు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఆఫ్రికన్ కుటుంబాల వాళ్లను పరీక్షించి 2007లో ప్రచురించిన లెక్కల్లో బడిపిల్లల్లో 17 శాతం బాలికలకు, పెద్దవాళ్లలో దాదాపు 32 శాతం స్త్రీలకు ఈ సమస్య ఉంది. అల్లేటప్పుడు నొప్పి పుట్టినవాళ్లకు ముప్పు ఎక్కువని, రసాయనాలతో సాపు చేయించిన జుట్టును లాగి కడితే ఇంకా ఎక్కువని అదే బృందం తేల్చింది. పార్లర్‌లో స్ట్రెయిటెనింగ్ చేయించుకుని మర్నాటి నుంచి పోనీటెయిల్ బిగించేవాళ్లు ఆ చివరి ముక్క రెండోసారి చదవాలి. తలపాగా కింద జుట్టు ముడి బిగించే సిక్కు మగవాళ్లలోనూ ఇది ఉంది. కాబట్టి ఆడామగా తేడా లేదు, జాతీ లేదు, లాగుడే కారణం. కుదుళ్ల దగ్గర నొప్పి, ఎర్రదనం, చిన్న పొక్కులు కనిపిస్తే ఆ రోజే జడ విప్పేయాలి. పొక్కుల్లో చీము ఉంటే డాక్టరుకు చూపించాలి.

ఇక పేనుకొరుకుడు. పేరులో పేను ఉన్నా దానికీ పేలకూ సంబంధం లేదు, మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వచ్చేది. అందులో సాధారణంగా రూపాయి బిళ్లంత గుండ్రటి మచ్చ, నున్నగా, ఎక్కడైనా రావచ్చు. లాగుడు వల్ల ఊడేది నుదుటి అంచున, చెంపల మీద, చెవుల పైన, లేదా పాపిడి వెంట, అంటే జడ ఎటు లాగితే అక్కడ. ఒక గుర్తు ఉంది, ఇంట్లోనే చూసుకోవచ్చు. పాపను కిటికీ వెలుగులో నిలబెట్టి జుట్టు వెనక్కి దువ్వండి. అసలు అంచు దగ్గర సన్నటి పొట్టి వెంట్రుకల వరస ఒకటి మిగిలి, దాని వెనక పలచటి పట్టీ, ఆ తర్వాతే ఒత్తు జుట్టు మొదలైతే అనుమానం జడ మీదే. జడకు అందనంత పొట్టివి కాబట్టే ఆ ముందు వరస బతికిపోయింది. అయినా అంచు జుట్టు పోయే జబ్బులు వేరేవీ ఉన్నాయి, ఖాయం చేయాల్సింది చర్మవ్యాధుల డాక్టరే.

ఉల్లిరసం మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. 2002లో ఇరాక్ వైద్యులు కొద్దిమంది పేనుకొరుకుడు రోగుల మీద వాడి ఫలితం కనిపించిందని రాశారు. చిన్న ప్రయత్నం, అదీ వేరే జబ్బు మీద. లాగుడు వల్ల అప్పటికే మండుతున్న చర్మానికి ఉల్లిరసం రుద్దితే మంట పెరుగుతుందే తప్ప లాగుడు ఆగదు. ఆముదం కూడా అంతే, జుట్టుకు నునుపు ఇస్తుంది గానీ పోయిన కుదురును తెచ్చివ్వదు.

గుండు విషయంలో మనవాళ్ల నమ్మకం గట్టిది. తిరుమలలో తలనీలాలు ఇవ్వడం మొక్కు, దాని జోలికి నేను పోను. వైద్యంగా మాత్రం కత్తి చర్మం పైనే ఆగుతుంది, కుదురుకు తగలదు. కొత్త వెంట్రుక కొస మొద్దుగా తెగి ఉంటుంది కాబట్టి చేతికి గరుకుగా, ఒత్తుగా తోస్తుంది. అయితే గుండు తర్వాత నిజంగానే జుట్టు బాగుపడినవాళ్లు ఉండొచ్చు. ఏడాది పాటు జడ వేయడానికి జుట్టే ఉండదు కదా, కుదుళ్లకు ఊపిరి ఆడుతుంది. పేరు మాత్రం కత్తికి పోతుంది.

అన్నిటికంటే ప్రమాదమైన మాట డాక్టరు దగ్గరికి పోవద్దన్నది. ఎందుకంటే ఈ సమస్యకు గడువుంది. మొదట్లో, చర్మం మీద కుదుళ్ల చుక్కలు ఇంకా కనిపిస్తున్నప్పుడు లాగుడు ఆపేస్తే చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది, కొన్ని నెలలు పట్టినా. చుక్కలు మాసిపోయి చర్మం మెరిసేలా నున్నబడ్డాక ఏ నూనే, ఏ మందూ మొలిపించలేదు. నేను ముప్పై దాటాక వెళ్లాను. లెన్సు పెట్టి చూసిన డాక్టరు గారు ఎడమ చెంప పైన "ఇక్కడ కొన్ని ఉన్నాయి" అన్నారు, కుడివైపు చూసి ఏమీ అనలేదు.

చికిత్స మెసేజ్‌లో భయపెట్టినంత పెద్దదేం కాదు. మొదటిది బిగింపు మానడం. వాపు ఉంటే స్టెరాయిడ్ పూతమందు, కొందరికి ఆ చోటే చిన్న ఇంజక్షన్లు. చీము ఉంటే యాంటీబయాటిక్. తర్వాత కావాలంటే మినాక్సిడిల్. అది మొదట బీపీ మందు, జుట్టుకు పూతగా అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. మొదటి వారాల్లో ఇంకాస్త రాలినట్టు అనిపిస్తుంది, చాలామంది అక్కడే భయపడి మానేస్తారు. ఫలితం తెలియాలంటే నాలుగు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు, పిల్లలకు డాక్టరు చెబితేనే. ఇంట్లో పిల్లి ఉంటే దానికి తగలనివ్వొద్దు, పిల్లులకు అది విషం. జీవితాంతం అన్నది వంశపారంపర్యపు బట్టతల విషయంలో చాలావరకు నిజం, ఎందుకంటే అక్కడ కారణం ఒంట్లోనే ఉంటుంది. ఇక్కడ కారణం రిబ్బను. దాన్ని తీసేశాక జుట్టు నిలదొక్కుకుంటే డాక్టరు మందు ఆపించే వీలుంది. ఏళ్ల నాటిదై కుదుళ్లు పోయుంటే వెంట్రుకల మార్పిడి ఒక దారి. అది చేయించుకుని మళ్లీ బిగిస్తే నాటినవీ పోతాయి.

దాచుకోవడం దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. ముందు ఖాళీ కనపడకుండా వెనక బరువైన సవరం, పక్కల క్లిప్పు జుట్టు పెడతారు. ఆ బరువు మిగిలిన అంచును లాగుతుంది. కూచిపూడి నేర్చుకునే పిల్లలు సాధనకు సవరం లేకుండా వెళ్లి, ప్రదర్శన రోజునే పెట్టుకుంటే మేలు. పెళ్లి పూలజడ ఒక్క రోజు కాబట్టి దాని గురించి బెంగ లేదు. నేను చేసిందేమిటంటే పాపిడి పక్కకు మార్చాను, ముందు జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాను, రబ్బరు బ్యాండ్లు పారేసి గుడ్డ బ్యాండ్లు కొన్నాను. పెళ్లిళ్లలో "అయ్యో, జుట్టంతా ఏమైందే" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు "అమ్మ బడికి పంపింది అత్తా" అంటాను.

వదినకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. పాపకు ఆ వారం నుంచి మెడ దగ్గర మొదలయ్యే ఒకే వదులు జడ, రాత్రి విప్పేయడం. మూడో రోజు డైరీలో టీచర్ ఎర్ర ఇంకుతో రాశారట: "జడ సరిగా లేదు, రెండు జడలు వేసి పంపండి." వదిన దాని కింద డాక్టరు చీటీ నకలు అంటించి సంతకం పెట్టింది.